గుమ్మడి గారివన్నీ తండ్రి వేషాలేనా? ముసలి పాత్రలకు పిలుపు వస్తున్న యువ నటుడికి సమాధానం

గుంటూరులో పరిషత్ (నాటక పోటీల) నాటికలు ఆడుతున్న ఇరవయ్యారేళ్ల నటుడిగా మీరు రెండు ప్రశ్నలను కలిపి అడిగారు. జీవితమంతా తండ్రి, తాత, జమీందారు, మహర్షి వేషాలే వేసిన గుమ్మడి వెంకటేశ్వరరావు గారిని పెద్దవాళ్లు బహుముఖ నటుడని ఎందుకు అంటారన్నది మొదటిది. మీ నాటక సమాజంలో వరుసగా ముసలి పాత్రలకే మిమ్మల్ని తీసుకుంటున్నారనీ, ఒప్పుకుంటే ఆ ముద్ర శాశ్వతంగా పడిపోతుందేమోననీ, ఏం చేయాలన్నది రెండవది. చివర్లో గడ్డం అతికించుకుంటే మాట స్పష్టంగా రావడం లేదని కూడా రాశారు. నాటక దర్శకత్వంలోనూ పరిషత్తులలో న్యాయనిర్ణేతగానూ చాలాకాలంగా ఉన్నవాణ్ణి కనుక అన్నిటికీ కలిపే చెబుతాను. గుమ్మడి గారి వృత్తి జీవితం మీ రెండవ ప్రశ్నతోనే మొదలయింది కాబట్టి వీటిని విడదీయడం కూడా కష్టమే.

తెనాలి దగ్గరి రావికంపాడులో 1927 జూలై 9న రైతు కుటుంబంలో పుట్టిన గుమ్మడి, 1950లో విడుదలైన ‘అదృష్టదీపుడు’తో సినిమాల్లో అడుగుపెట్టారు. ఆ తరువాతి మూడు నాలుగేళ్లు మద్రాసులో చిన్నాచితకా వేషాలతోనే గడిచాయి. ఎన్.టి.రామారావు తమ సొంత సంస్థ నేషనల్ ఆర్ట్ థియేటర్ తరఫున తీసిన ‘పిచ్చిపుల్లయ్య’ (1953), ‘తోడుదొంగలు’ (1954) చిత్రాలలో ఆయనకు చెప్పుకోదగ్గ పాత్రలు ఇచ్చారు. ‘తోడుదొంగలు’లో ఆయనది వయసు మళ్లిన మిల్లు యజమాని వేషం. మరుసటి ఏడాది పి.పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన ‘అర్ధాంగి’లో జమీందారు పాత్ర దక్కింది. అందులో ఆయన పెద్ద కొడుకు అక్కినేని నాగేశ్వరరావు, చిన్న కొడుకు జగ్గయ్య, భార్య శాంతకుమారి. అసలు వయసులు చూస్తే తండ్రికి ఇరవయ్యెనిమిదేళ్లు ఇంకా నిండలేదు. పెద్ద కొడుకు తండ్రికంటే సుమారు మూడేళ్లు పెద్ద. చిన్న కొడుకు ఇంచుమించు ఈడువాడు. భార్య ఏడేళ్లు పెద్ద. హాల్లో కూర్చున్నవాళ్లకు ఈ లెక్క గుర్తుకే రాలేదు. సినిమా ఆడింది. అప్పటి నుంచి హుందా అయిన తండ్రి పాత్ర అనగానే నిర్మాతలకు ముందుగా తట్టే పేర్లలో ఆయనది ఒకటయింది.

అంటే మీరు దేనికి భయపడుతున్నారో అది దాదాపు మీ వయసులోనే ఆయనకు జరిగింది. జరిగిన తరువాత అది తొలగిపోలేదు కూడా. దాన్ని తొలగించుకోవడానికి ఆయన పెనుగులాడిన జాడ ఆ తరువాతి చిత్రాల పట్టికలో నాకు కనిపించదు.

ఇలా జరగడానికి ఆ కాలపు సినిమాల తీరు కూడా కారణమే. ఏళ్ల తరబడి అవే ముఖాలు కథానాయకులుగా ఉన్నందున, వాళ్లకు తండ్రిగా, మామగా, గురువుగా ఎదురుగా నిలబడి, పేజీలకొద్దీ సంభాషణను తడబడకుండా చెప్పగల మనుషులు ఎప్పుడూ కావలసి వచ్చేవారు. వయసులో నిజంగానే పెద్దవాళ్లయిన రంగస్థల నటులు ఉన్నారు, కానీ పద్యనాటకాలలో చివరి వరుస దాకా వినిపించడానికి పెంచుకున్న గొంతును మైకు ముందు తగ్గించుకోవడం అందరికీ చేతనయ్యే పని కాదు. చిత్తూరు నాగయ్య తండ్రిగా వస్తే ఆయన వెంట ఒక భక్తుడి సాత్వికత వచ్చేది. ఎస్.వి.రంగారావు తండ్రిగా వస్తే గుమ్మంలో అడుగుపెట్టగానే ఇల్లంతా ఆయనదైపోయేది. ఆ ఇద్దరి మధ్య ఒక చోటు ఖాళీగా ఉంది. చదువుకున్నవాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు, మంచివాడే గాని తప్పు చేయగలిగినవాడు, చేసిన తప్పుకు లోలోపల కుమిలిపోయేవాడు అయిన పెద్దమనిషి చోటు అది. కుటుంబ కథలు విరివిగా వచ్చిన ఆ రెండు మూడు దశాబ్దాలలో అటువంటి మనిషి లేని కథ దాదాపు లేదు. గుమ్మడి సుమారు అయిదు వందల చిత్రాలలో నటించగలగడానికి ఆ చోటు ఎంత కారణమో, ఆ చోటులో ఆయన విసుగు పుట్టించకపోవడం కూడా అంతే కారణం. (మన ఉమ్మడి జిల్లా ఈ విషయంలో అదృష్టం చేసుకున్నదే: తెనాలి ప్రాంతం నుంచి జగ్గయ్య, దాచేపల్లి నుంచి ధూళిపాళ, లింగాయపాలెం నుంచి మిక్కిలినేని, గుంటూరు నుంచి ఛాయాదేవి, అందరూ కథానాయకుల పక్కన నిలబడి కథను మోసినవాళ్లే.)

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. ఒక నటుడు ఎన్ని రకాల వేషాలు కట్టాడో లెక్కపెట్టి, దానినిబట్టి బహుముఖత్వాన్ని కొలవడం మనకు అలవాటయింది. ఆ కొలతతో చూస్తే గుమ్మడికి తక్కువ మార్కులే వస్తాయి. నా దృష్టిలో ఆయన గొప్పతనం వేరొక చోట ఉంది. ఆయన వేసిన పాత్రలన్నింటికీ పెద్దరికం ఉమ్మడి లక్షణం. కానీ ఆ పెద్దరికానికి ఎంత శక్తి ఉంది, దానికి ఎవరు తలవంచుతారు, అది ఎవరి ముందు కరిగిపోతుంది అన్నది ఒక పాత్రకూ మరొక పాత్రకూ ఆయన పూర్తిగా మార్చేస్తారు. గడ్డం అదే, శాలువా అదే, గొంతు కూడా చాలావరకు అదే. ఎదుటి మనిషిని చూసే చూపు మాత్రం ప్రతిసారీ కొత్తది.

‘మాయాబజార్’ (1957)లో బలరాముడిని తీసుకోండి. అందరూ ఘటోత్కచుడి గురించి, కృష్ణుడి గురించి మాట్లాడతారు. పాత్రధారిగా మీరు చూడవలసినది బలరాముడిని. ఆయన కృష్ణుడికి అన్న, ఇంటికి పెద్ద, యాదవులకు నాయకుడు. అయినా ఆ కథలో ప్రతి ఒక్కరూ ఆయనను ఏదో ఒకవైపు నడిపించేవాళ్లే. ఎవరికి ఏది అత్యంత ప్రియమో చూపించే ప్రియదర్శిని పేటిక తెరిచినప్పుడు రేవతికి నగలు కనిపిస్తాయి, శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తాడు. ఆ ఒక్క క్షణంలో పాత్ర గుట్టంతా బయటపడిపోతుంది. అప్పుడు గుమ్మడి ముఖంలో కనిపించేది శిష్యుణ్ణి చూసి మురిసిపోయే గురువు సంతోషం. అది తనకు తగని సంతోషమన్న అనుమానం ఆ ముఖంలో ఇసుమంత కూడా ఉండదు. కౌరవుల అన్యాయం విని మండిపడి బయలుదేరిన ఈ మనిషే వాళ్ల పొగడ్తలకు చల్లబడి, కూతురిని లక్ష్మణకుమారుడికి ఇస్తానని మాట ఇచ్చి వస్తాడు. ఇటువంటి పాత్రను హాస్యపాత్రగా ఆడడం చాలా సులువు, నాటకాలలో అలాగే ఆడి చప్పట్లు కొట్టించుకున్నవాళ్లను చూశాను. గుమ్మడి ఒక్కసారి కూడా ప్రేక్షకులతో చేతులు కలిపి బలరాముడిని వెక్కిరించరు. తాను మోసపోతున్నానని బలరాముడికి తెలియదు కాబట్టి, గుమ్మడి కూడా తెలియనట్టే నిండు గౌరవంతో ఆ మోసంలోకి నడిచి వెళతారు. మనకు నవ్వు వచ్చేది అందువల్లే. పైగా ఈయన తమ్ముడైన కృష్ణుడు అసలు వయసులో ఈయనకంటే నాలుగేళ్లు పెద్ద. రామారావు అంతటి ఆకర్షణ గల నటుడి పక్కన నిలబడి అన్నగా నమ్మించాలంటే గొంతు పెంచితే కుదరదు. అన్నకు తమ్ముడి మీద ఉండే ఆ కాస్త విసుగునూ, కాస్త ముద్దునూ మాటల మధ్య ఖాళీలలో పెట్టి ఆయన ఆ పని చేశారు.

దీని పక్కన ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) పెట్టి చూడండి. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రం తెలుగు విభాగంలో రాష్ట్రపతి రజత పతకం పొందింది. ఒక సహాయ నటుడి పాత్ర పేరు మీద సినిమా రావడమే అరుదు. అందులోనూ కృష్ణదేవరాయలుగా రామారావు ఉండగా, సినిమాకు మంత్రి పేరు పెట్టారు. ఇక్కడ కూడా ఆయన పెద్దవాడే, రాయలు ఆయనను అప్పాజీ అని పిలుస్తాడు. కాని బలరాముడికి లేనిదంతా తిమ్మరుసుకు ఉంది: ఎదుటివాడి మాట పూర్తి కాకముందే దాని వెనుక ఉన్నది కనిపెట్టే చూపు, చెప్పవలసినదానిలో సగమే చెప్పే నిగ్రహం, సింహాసనం మీద ఉన్నవాడికి తాను కట్టబెట్టిన రాజ్యం అది అన్న ధీమా. అంతటి మనిషిని, తాను పెంచిన చేతులే అనుమానించి, కళ్లు తీయించే శిక్ష వేస్తాయి. ఆ ఘట్టంలో ఏడిపించడానికి కథ దానంతటదే సరిపోతుంది. గుమ్మడి అక్కడ దుఃఖాన్ని పెంచకుండా, కోపాన్ని కూడా చూపకుండా, రాయల పట్ల తండ్రి మమకారాన్ని చివరి దాకా చెక్కుచెదరనివ్వకపోవడం వల్లనే ఆ శిక్ష మనకు భరించరానిదవుతుంది. బలరాముడు, తిమ్మరుసు ఇద్దరూ తమకు ప్రియమైన వాళ్ల చేతిలోనే దెబ్బతిన్న పెద్దలు. మొదటివాడికి మోసం కనబడదు. రెండోవాడికి అన్నీ కనబడతాయి, ఆ చూపే పోతుంది. ఒకే నటుడు, అయిదేళ్ల ఎడం. మీరు అడిగిన బహుముఖత్వం ఇదే.

దుష్టపాత్రల విషయానికి వస్తే, బి.ఎన్.రెడ్డి తీసిన ‘రాజమకుటం’ (1960)లో సింహాసనం కోసం కుట్ర పన్నే ప్రచండుడిగా ఆయన చేసినది ఈనాటి వాళ్లు దాదాపు మరచిపోయారు. ఆ నెమ్మదైన గొంతు, ఆ మర్యాదైన ముఖం దుష్టుడికి ఎంత పనికివస్తాయో అందులో తెలుస్తుంది. ఆయన నటించిన తొలి ‘హరిశ్చంద్ర’ (1956)లో ఎస్.వి.రంగారావు హరిశ్చంద్రుడు, గుమ్మడి విశ్వామిత్రుడు. ఈ పంపకమే విచిత్రంగా అనిపిస్తుంది, ఎందుకంటే మామూలుగా ఆలోచించేవాళ్లు ఆ ఇద్దరినీ తారుమారు చేసి ఉండేవారు. పదిహేనేళ్ల తరువాత బాపు ‘సంపూర్ణ రామాయణం’ (1971)లో ఆయన దశరథుడయ్యారు. దశరథుడు ఇచ్చిన మాటకు కట్టుబడి చచ్చిపోయే తండ్రి, విశ్వామిత్రుడు ఇచ్చిన మాటను అడ్డుపెట్టుకొని ఎదుటివాణ్ణి చావు దాకా తరిమే ఋషి. రెండూ పెద్దవాళ్ల పాత్రలే.

అన్నింటికంటే కష్టమైనది మంచివాడి పాత్ర అని నా నమ్మకం. ‘కన్యాశుల్కం’ (1955) సినిమాలో ఆయన సౌజన్యారావు పంతులు. గిరీశం రామారావు, మధురవాణి సావిత్రి, లుబ్ధావధాన్లు గోవిందరాజుల సుబ్బారావు, రామప్పపంతులు సి.ఎస్.ఆర్.; ప్రతి పాత్రకూ నవ్వించే మాటలున్నాయి, వంకర ఉంది, యుక్తి ఉంది. సౌజన్యారావుకు నీతి తప్ప ఏమీ లేదు. నాటకంగా ఆడినప్పుడు ఆయన ప్రవేశంతో ప్రదర్శన చప్పబడిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆ పాత్రధారి చేయవలసినది ఒక్కటే: మధురవాణి చెప్పేది నిజంగా వినాలి. తన నియమాలకు అవతలి ఒడ్డున ఉన్న మనిషిలో తనకంటే పెద్ద మనసు ఉన్నదని ఆయన గ్రహించడం వినడంలో కనపడాలి, చెప్పడంలో కాదు. అప్పటికి ఇరవయ్యెనిమిదేళ్ల మనిషికి వినడం వచ్చు. సహాయ పాత్రలు వేసేవాడి చేతిలో ఉన్న అసలు పనిముట్టు అదేనని నేను మా వాళ్లకు పదే పదే చెబుతాను, ఎందుకంటే రిహార్సల్స్‌లో మన కుర్రాళ్లు ఎదుటివాడి డైలాగు నడుస్తున్నంతసేపూ తమ తరువాతి మాటను లోలోపల వల్లె వేసుకుంటూ ఉంటారు, ఆ సంగతి మూడో వరుసలో కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది.

ఇంకొక్కటి చెప్పి ఈ వరుస ఆపుతాను. కె.రాఘవేంద్రరావు ‘జ్యోతి’ (1976)లో జయసుధ పాత్రను పెళ్లి చేసుకునే వృద్ధుడు గుమ్మడి. ఇరవయ్యేళ్లుగా తెలుగు ఇళ్లకు తండ్రిగా నిలిచిన ముఖానికి కూతురి వయసు అమ్మాయి భార్యగా రావడం ప్రేక్షకులను ఇబ్బంది పెట్టాలి, ఆ ఇబ్బందే కథకు కావలసినది. ముద్ర పడిన నటుడిని వాడుకోవడం తెలిసిన దర్శకుడికి ఆ ముద్ర ఎంత పనికివస్తుందో దీనితో గ్రహించవచ్చు. కొత్త ముఖంతో ఆ పాత్ర వేయిస్తే అందులో సగం బరువు కూడా ఉండేది కాదు.

ఆయనకు పరిమితులు లేవని అనను. ఆయన తెలుగు ఒకే తెలుగు: చదువుకున్న కోస్తా కుటుంబాల మాట, స్పష్టమైన ఒత్తులు, తొందరపడని వాక్యం. యాస మార్చడం ఆయన బలం కాదు. శరీరాన్ని అష్టవంకరలు తిప్పి నవ్వించే పాత్రల జోలికి ఆయన పెద్దగా వెళ్లలేదు, వెళ్లిన కొద్ది సందర్భాలలోనూ హాయిగా కనిపించలేదు. ఆ వైపు చూడవలసి వస్తే మీరు విజయవాడ వైపు తిరగాలి. కంకిపాడులో 1942 జూలై 10న పుట్టి, బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడి, ‘ప్రాణం ఖరీదు’ (1978)తో తెరమీదికి వచ్చిన కోట శ్రీనివాసరావు పూర్తిగా వేరే దారిలో వెళ్లారు. ‘ప్రతిఘటన’ (1985)లో మంత్రి కాశయ్యకు తెలంగాణ మాట. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో పిసినారి లక్ష్మీపతి, కోడిని ఎదురుగా వేలాడదీసుకొని, దాన్ని చూస్తూ వట్టి అన్నం ముద్దలు మింగే మనిషి. ‘గణేష్’ (1998)లో చూస్తేనే ఒళ్లు జలదరించే మంత్రి. ‘బొమ్మరిల్లు’ (2006)లో గోల చేసే ఆడపిల్ల తండ్రి. అరవయ్యేళ్ల వయసులో ‘సామి’ (2003)తో తమిళంలోకి వెళ్లి అక్కడ ప్రతినాయకుడిగా నిలబడ్డారు. మధ్యలో 1999 నుంచి 2004 వరకు విజయవాడ తూర్పు నియోజకవర్గానికి శాసనసభ్యుడిగా కూడా ఉన్నారు. ‘కృష్ణం వందే జగద్గురుమ్’ (2012)లో నాటక సమాజపు పెద్దగా ఆయనను చూసిన రంగస్థలం వాళ్లెవరూ ఆ పాత్రను మరచిపోరు. ఆయన 2025 జూలై 13న కన్నుమూశారు.

కోట పాత్రకు తాళంచెవి చెవిలో ఉంటుంది. ఆ మనిషి ఏ ఊరివాడు, ఏ కులవృత్తి మాటలు వాడతాడు, వాక్యం చివర ఎక్కడ సాగదీస్తాడు అన్నది పట్టుకున్నాక నడక, చూపు దాని వెంట వస్తాయి. గుమ్మడి పాత్రకు తాళంచెవి కంటిలో ఉంటుంది. ఇద్దరిలో ఎవరు బహుముఖులు అని అడిగితే జనం కోట పేరు చెబుతారు, అందులో అన్యాయం లేదు. కానీ ప్రతి పాత్రకూ కొత్త యాస, కొత్త నడక దొరికే నటుడికంటే, అదే గొంతుతో అదే శాలువాతో రెండు దశాబ్దాలు వేరువేరు మనుషులుగా కనిపించవలసిన నటుడి పని కష్టమని నేను అనుకుంటాను. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇక మీ సంగతి. పిలిచిన ముసలి పాత్రలు ఒప్పుకోండి, అయితే ఒప్పుకునే ముందు స్క్రిప్టు తీసుకొని ఆ ముసలివాడి మాట ఆ ఇంట్లో ఎవరు వింటారో, ఎవరు వినరో చూడండి. వరుసగా వచ్చిన రెండు నాటికల్లోనూ అందరూ మాట వినే తాతగారే అయితే రెండవదాన్ని వదులుకోవడానికి వెనుకాడవద్దు. మొదటిదానిలో కొడుకు పెన్షన్ డబ్బు లాక్కునే తండ్రి, రెండవదానిలో కోడలిని వేధించే మామ అయితే అవి రెండూ ముసలి వేషాలని చూసి తిరస్కరించడం తెలివితక్కువ. మీ సమాజం వాళ్లు మీకు యువ పాత్ర ఇవ్వడం లేదని రాశారు. వేరే సమాజంలో ఏడాదికి ఒకటి ఆడండి, విజయవాడలో ఆడే సమాజాలకు మనవైపు నుంచి వచ్చే నటులు ఎప్పుడూ కావాలి. తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో, హనుమంతరాయ గ్రంథాలయంలోనో ప్రదర్శన చూడడానికి వెళ్లినప్పుడు గ్రీన్‌రూమ్ దాకా వెళ్లి పలకరించి రండి. మనలో చాలామంది ప్రదర్శన అయిన వెంటనే బస్సు అందుకోవాలని పరుగెత్తుతారు. పరిషత్తులలో ఉత్తమ సహాయ నటుడు, ఉత్తమ కేరెక్టర్ నటుడు బహుమతులు ఎవరికి వస్తున్నాయో గమనించండి. ఉత్తమ నటుడి బహుమతి చాలాసార్లు పెద్ద పాత్రకు వెళుతుంది. మిగతా రెండింటికి మేము బల్ల దగ్గర ఎక్కువసేపు వాదించుకుంటాం, ఎందుకంటే అక్కడ పాత్ర చిన్నది, నటుడు చేసినది మాత్రమే కనిపిస్తుంది.

వృద్ధుడిని ఆడే పద్ధతి గురించి ఒక మాట. పాతికేళ్ల వయసు నటుడికి ముసలి వేషం ఇవ్వగానే చేయి నడుము మీదికి పోతుంది, వీపు వంగుతుంది, గొంతు వణుకుతుంది, రెండు మాటలకొకసారి దగ్గు వస్తుంది. గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో ఒకే రోజు ఆడిన నాటికలన్నింటిలోనూ అదే దగ్గు విన్న సందర్భాలు నాకున్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లను గమనించండి. డెబ్బై ఏళ్ల మనిషి తన వణుకును ఎవరికీ చూపించడు, దాచుకుంటాడు. కుర్చీలో కూర్చునే ముందు ఆయన చేయి వెనక్కి వెళ్లి కుర్చీ చేతిని వెతుక్కుంటుంది, ముఖం మాత్రం మీవైపే ఉంటుంది, మాట ఆగదు. చేతికి కుర్చీ కర్ర తగిలిన తరువాతనే మోకాళ్లు వంగుతాయి. లేచేటప్పుడు మొదట పాదాలను దగ్గరికి లాక్కుంటాడు, ఒక్క క్షణం ఆగుతాడు, ఆ ఆగినదానికి కారణం కండువా సర్దుకోవడమే అన్నట్టు నటిస్తాడు. రిహార్సల్‌లో మా కుర్రాళ్ల చేతికి అంచుదాకా నీళ్లు నింపిన గ్లాసు ఇచ్చి వేదికకు ఈ చివర నుంచి ఆ చివరకు తొణకకుండా తీసుకువెళ్లమంటాను. నీళ్ల మీద ధ్యాస పెట్టేసరికి నడక దానంతటదే నెమ్మదిస్తుంది, భుజాలు బిగుసుకుంటాయి, మెడ కదలదు, అడుగు వేసే ముందు నేలను చూసుకోవడం మొదలవుతుంది. అప్పుడు గ్లాసు తీసివేసి అదే నడకతో రమ్మంటాను. గుమ్మడి వృద్ధ పాత్రలను మళ్లీ చూస్తే ఆయన నడుము వంచినది చాలా అరుదని మీరే కనుక్కుంటారు. వీపు నిటారుగానే ఉంటుంది. మాటకు ముందు పీల్చే శ్వాసలో వయసు ఉంటుంది.

ముద్ర గురించి మీకున్న భయంలో ఒక నిజం లేకపోలేదు. కుటుంబ కథల్లో తండ్రి పాత్ర చిన్నబోయే కొద్దీ గుమ్మడి వంటి వారికి పని తగ్గింది, వచ్చిన పాత్రలలోనూ పెళ్లి పందిట్లో అక్షింతలు వేసే పెద్దమనిషికంటే ఎక్కువ చేయడానికి ఏమీ ఉండేది కాదు. చివరి రోజులలో గొంతు కూడా సహకరించలేదు. ఒక చిత్రంలో ఆయన పాత్రకు ధ్వన్యనుకరణ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ మాట ఇచ్చారు. గొంతే ప్రధానమైన నటుడికి అది ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. 1977లో పద్మశ్రీ, 1998కి గాను రఘుపతి వెంకయ్య పురస్కారం లభించాయి. 2010 జనవరి 26న హైదరాబాదులో మరణించడానికి కొద్ది రోజుల ముందు రంగులద్దిన ‘మాయాబజార్’ను ఆయన చూడగలిగారు. మీరు గమనించవలసిన తేడా ఏమిటంటే, ఆయనకు పని తగ్గడానికి కారణం చిన్న వయసులో ముసలి వేషం ఒప్పుకోవడం కాదు, ఆ పాత్రలు రాసేవాళ్లు తగ్గిపోవడం. ఈనాడు పరిషత్ నాటికలలో పరిస్థితి దానికి తలకిందులుగా ఉంది: పిల్లలు విదేశాలకు వెళ్లిపోయిన తల్లిదండ్రులు, వృద్ధాశ్రమం, పొలం అమ్మకం వంటి ఇతివృత్తాలతో వచ్చే నాటికల్లో అసలు కథ ముసలివాళ్ల చుట్టూనే తిరుగుతోంది. రచయితలందరూ అక్కడే ఆగిపోవడం నాకు నచ్చదు, అది వేరే చర్చ. నటుడిగా మీకు మాత్రం ఇది మంచి కాలమే.

గడ్డం విషయం. క్రేపును (వేషాల గడ్డానికి వాడే వెంట్రుకలను) ఒక్క ముద్దగా అతికించడం వల్లనే మీ మాట మూసుకుపోతోంది. స్పిరిట్ గమ్‌ను (వాటిని అతికించే జిగురును) కొద్దికొద్దిగా రాసుకుంటూ, గడ్డం కింది నుంచి మొదలుపెట్టి పైకి పలుచని పొరలుగా అతికించండి; దవడ కదిలే చోట పొర మరీ పలుచగా ఉండాలి, పెదవి మూలల దగ్గర ఒక వేలి వెడల్పు ఖాళీ వదలాలి. మీసం పై పెదవి అంచు దాటి కిందికి రాకుండా అద్దంలో చూసుకుంటూ కత్తిరించండి, ప, బ, మ అక్షరాలు స్పష్టంగా పలకకుండా పోయేది అక్కడే. చివరి రెండు రిహార్సల్స్ గడ్డంతోనే చేయండి. తీసేటప్పుడు లాగవద్దు, కొబ్బరినూనె పట్టించి మెత్తబడేదాకా ఆగితే చర్మం మంటెక్కదు, మరునాడు ఇంకొక ఊళ్లో ప్రదర్శన ఉన్నా ఇబ్బంది ఉండదు.